వాన పడని పలక

పలక 406

ఆకాశం ఖాళీ. గాలి పడమటిది, సోమరిది. బండ ఉన్నది.

ఈ దినచర్య పుస్తకాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి ఇందులో నిజమే రాస్తాను. పలకతో పాటు రోజూ నాలుగు మాటలు రాసి పెట్టాలని దృశ్య మండలి నియమం. ఆ మాటల్ని సాక్ష్యంగా తీసుకోరాదని దాని కిందే మరో నియమం. యంత్రాలు మనిషికన్నా చక్కగా రాయడం నేర్చాక అక్షరం పరువు పోయింది. బొమ్మ పరువు అంతకు ముందే పోయింది. అందుకే ఫొటో తీసే ఈ పాతకాలపు చెక్కపెట్టె, అందుకే గాజుపలక, అందుకే దాని వెనక నల్లగుడ్డ కప్పుకుని చెమటలో ఉడుకుతున్న నేను. పెట్టె చూడాలి, పక్కన ఒక మనిషి చూడాలి. ఇద్దరూ ఒకచోట నిలబడి చూసిందే లోకానికి నిజం. ఆ మనిషిని సాక్షి అంటారు. మాట బాగుంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇది దేవుడి పిలుపనే అనుకున్నాను. జీతం మాత్రం మండలిది.

మండలి అడిగిన అర్హత ఒక్కటే: అబద్ధమాడాడని ఎవరూ ఫిర్యాదు చేసి ఉండకూడదు. నా మీద ఫిర్యాదులకు కొదవ లేదు. గొంతు ఎక్కువ, ప్రసంగం ఎక్కువ, ప్రార్థన మరీ ఎక్కువ. అబద్ధం మీద మాత్రం ఒక్కటీ దొరకలేదు. నా పేరు నతనయేలు. కపటం లేనివాడని వాక్యం మెచ్చుకున్న మనిషి పేరు అది. మా నాయన పెట్టాడు. ఆ పేరు మోయడం ఎంత బరువో ఆయన చెప్పలేదు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. సూర్యుడు ఎదుటి ఏనుగుబండ నెత్తి మీదికి వచ్చేసరికి పెట్టె మూడు కాళ్ళకూ రాళ్ళు కట్టాలి. అద్దం మీది దుమ్ము పాత పంచె ముక్కతో తుడవాలి. నల్లగుడ్డలో తల దూర్చి చూసుకోవాలి. అందులో లోకం తలకిందులుగా కనిపిస్తుంది. పైన ఎండిన వంక, దాని కింద తల వేలాడేసుకున్న ఏనుగుబండ, అన్నిటికన్నా కింద ఆకాశం. లోకం తలకిందులైందని నేను నలభై ఏళ్ళుగా అరిచి అరిచి చెబుతున్నాను. పెట్టెకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

తర్వాత పలక దూర్చి, మూత తీసి, గొర్రెల కాపరి కీర్తన ఒకసారి చెప్పి, మూత పెట్టాలి. పెట్టె దగ్గరికి గడియారం రాకూడదు. యంత్రమన్నది ఏది దగ్గరున్నా పలక చెల్లదు. కొందరు సాక్షులు అంకెలు లెక్కపెడతారట. నాకు కీర్తన ఉంది. పచ్చిక దగ్గర మొదలుపెట్టి గిన్నె నిండి పొర్లే చోటికి వచ్చేసరికి, పచ్చికా నీళ్ళూ లేని ఈ కోన గాజు మీద సరిగ్గా దిగుతుంది.

ఊరి పేరు ఎండువంక. నాలుగేళ్ళుగా ఇక్కడి సంఘానికి బోధకుణ్ణి, ఈ పెట్టెకు సాక్షినై ఏడాది దాటింది. ముప్పై గడపలు, ఒక కొళాయి. సముద్రం నీళ్ళలో ఉప్పు తీసి, కొండలు దాటించి, గొట్టంలో మా దాకా పంపుతారు. మేము ఎడారి కాబట్టి. మేము ఎడారి అని రోజూ రుజువు చేసేది నా పలక.

కొళాయి తాళంచెవి దీనమ్మ కొంగున ఉంటుంది. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద, నా ప్రార్థనలకు తొలి శత్రువు. మా బుధవారం కూటంలో గొలుసు ప్రార్థన వాడుక. ఒకరు ముగించగానే పక్కవారు అందుకోవాలి, గొలుసు తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికి వస్తే నేను ముగించాలి. నా వంతే కాస్త పొడుగు. నిన్న కూటం అయ్యాక దీనమ్మ సంగటి ముద్దను తట్టి చూపించింది. టక్కుమని శబ్దం వచ్చింది.

"అయ్యా, నువ్వు ఆమేన్ అనేలోపల సంగటి రాయైపోతాంది. దేవునికి ఒకతూరి చెప్తే ఇనపడదా? ఆయనకేం చెవుడా?"

"ఆయనకు చెవుడు కాదమ్మా, మనకు గుండె చెవుడు. అందుకే గట్టిగా, ఎక్కువసేపు చెప్పాలి."

నిన్నటి కూటంలో ఇంకో అపచారం జరిగింది. నేను ప్రార్థనలో ఉండగా మేకల జక్కరయ్య ఒళ్ళో పెట్టుకున్న తలగుడ్డను ఆయన మేకే వచ్చి నమలడం మొదలుపెట్టింది. ఆయన కన్ను తెరిచాడు, చెయ్యి ఎత్తి అదిలించాడు. నేను ఉరిమాను.

"పోయేది తలగుడ్డ కాదు జక్కరయ్యా, నీ ఆత్మ! ఎవరు ప్రార్థిస్తున్నా సరే, ప్రార్థన సాగుతుండగా ఇంకొకరు కన్ను తెరవరాదు, కదలరాదు! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండాలి, దించిన చెయ్యి దించినట్టే ఉండాలి!"

జక్కరయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు. మేక తలగుడ్డను పూర్తి చేసింది.

పలక 413

సూర్యుడి చుట్టూ వరదగుడి. గాలి తూర్పుకు తిరిగింది. బండ ఉన్నది.

ఇక్కడికి వచ్చాక తూర్పుగాలి చూడడం ఇదే మొదలు. బండ పగుళ్ళలోంచి చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి. తొండలు కనిపించడం లేదు. వెలుగు మారింది. రోజూ సున్నపుగోడలా ఉండే బండకు ఇవాళ మడతలు కనబడ్డాయి, ముసలి ఏనుగు చర్మం మీదిలాగా. పెట్టెలోంచి తల బయటికి తీయబుద్ధి కాలేదు.

వారానికొకసారి పలకలు తీసుకుపోయే బండి వచ్చింది. తోలేవాడు హుసేనప్ప. మేము పలకలు కడగము, చూడము. మూసిన పెట్టెలో పంపుతాం, మండలివాళ్ళే కడిగి చూస్తారు. హుసేనప్ప నవ్వుతూ దిగే మనిషి. ఇవాళ నవ్వలేదు.

"గుడిసెలమిట్ట పలకమీద వాన పడింది అయ్యగారూ. పెద్దది గూడా కాదు, నాలుగు చినుకులు. సాక్షి మంచోడే, మూత తీసినాడు, పెట్టినాడు. మండలోళ్ళు కడిగి చూస్తే వాన. ఇంగేముంది, గొట్టానికి బిరడా కొట్టేసినారు."

"ఇప్పుడు వాళ్ళేం తాగుతున్నారు?"

"ఆ వాననే తాగినారు, ఉన్నన్నాళ్ళు. అయిపోయినాక మూటలు కట్టినారు. దోవలో నాకు ఎదురొచ్చినారు, మేకలు, ముసలోళ్ళు అంతా. యాడికప్పా అంటే, యాడ ఎడారి ఉంటే ఆడికి అన్నారు."

కొళాయి దగ్గర బిందె నింపుకుంటున్న దీనమ్మ చెయ్యి ఆగింది. బిందె నిండి పొర్లింది. ఎండువంకలో నీళ్ళు పొర్లడం నేను అంతవరకూ చూడలేదు.

పలక 416

తూర్పున ఒక మబ్బు. అరచేయంత. బండ ఉన్నది.

అరచేయంత మబ్బును చూసి పరుగెత్తిన ప్రవక్త సంగతి నేను ఈ ఊళ్ళో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! ఆ మబ్బు నిజంగా వస్తే ఊరు గంతులేస్తుందనుకున్నాను. ఆరాధన ముగియగానే దీనమ్మ, జక్కరయ్య, వెనక పదిమంది, నా ఇంటి ముందు నిలబడ్డారు.

"ఒక మనవి ఉండాది అయ్యా," అంది దీనమ్మ. "వాన వద్దని ప్రార్థన చెయ్యాల."

నా మోకాళ్ళు వాళ్ళకు చూపించాను.

"నాలుగేళ్ళుగా ఏ వాన కోసం నా మోకాళ్ళు కాయలు కాశాయో..."

"అదే కదయ్యా. నువ్వు అడిగినన్నాళ్ళు ఆయన ఇయ్యలేదు, మేము బతికినాం. ఇప్పుడు ఇచ్చేటట్టుండాడు. అదే మా భయం."

"అవిశ్వాసులారా! ఆకాశం తెరుచుకుంటుంటే గొడుగు పట్టమంటారా నన్ను?"

"నాలుగు చీనీ చెట్లు పెట్నా," దీనమ్మ గొంతు పెంచలేదు. "ఇంగ రెండేండ్లకు కాపుకొస్తాయి. ఒక్క వానకు బతుకుతాయా అవి? మేం బతుకుతామా? వాన వచ్చేది ఒక దినం. గొట్టం మూసేది ఎప్పటికీ. గుడిసెలమిట్టోళ్ళకు నువ్వు పోయి చెప్పు, ఆకాశం తెరుచుకుందని."

జక్కరయ్య మధ్యే మార్గం తెచ్చాడు. "వద్దనే మాట వద్దులే అయ్యా, తప్పు. రానీ. పొద్దున్నే రానీ, సందేళ రానీ. పలక యాళకు మాత్రం కొంచెం పక్కకు తప్పుకోమను."

"దేవుడికి టైం టేబుల్ ఇస్తావా?"

"నేనెందుకిస్తా? మండలోళ్ళు ఇచ్చినారు. ఆయనకు తెలిసిందో లేదో, ఒక మాట చెప్దామని."

నేను చేయనన్నాను. పలక మీద ఏది పడితే అదే పంపుతానన్నాను. అబద్ధసాక్ష్యం గురించి అక్కడే, ఆ ఎండలోనే, అరగంట మాట్లాడాను. వాళ్ళు విన్నారు. మబ్బు కూడా విన్నట్టుంది. మాట్లాడడం ముగించేసరికి అది రెండు అరచేతులంత అయింది.

పలక 417

బండ లేదు.

తూర్పునుంచి ఎర్రటి గోడ లేచి వచ్చి కోనను మింగింది. దుమ్ము. ముందు వంక పోయింది, తర్వాత బండ కాళ్ళు, తర్వాత తొండం. చేతిలోని మూత నాకే కనబడలేదు. ఏమీ కనబడకపోవడానికి కూడా మూత తీయాలి, కీర్తన చెప్పాలి. పచ్చిక దగ్గర నోటినిండా మన్ను. నీళ్ళ దగ్గర దగ్గు.

ఊళ్ళో అందరూ సంతోషంగా ఉన్నారు. దుమ్ము ఎడారి గుర్తు. జక్కరయ్య నా వీపు తట్టి, "దేవుడు ఇనుకున్నాడు అయ్యా, నువ్వు చెప్పకపోయినా," అన్నాడు.

పలక 418

వాన.

దీన్ని సాక్ష్యంగా తీసుకోరు. అయినా రాస్తున్నాను. వాన.

పొద్దున్నుంచీ ఉక్క. ఆకాశం నీలం కాదు, నలుపు కాదు, దెబ్బ తగిలిన చోట చర్మం తిరిగే రంగు. సూర్యుడు బండ మీదికి వచ్చాడో లేదో మబ్బులో తెలియలేదు. నా నీడ ఎప్పుడో పోయింది. అలవాటు కొద్దీ కడుపులో ఆకలి చెప్పింది, వేళైందని. నల్లగుడ్డలో తల దూర్చాను. కోన ఎప్పుడూ అలా లేదు. ప్రతి రాయీ తన అంచును తాను గీసుకున్నట్టుంది. అంతలో అద్దంలో ఏదో కదిలింది. కింద ఉన్న ఆకాశంలోంచి సన్నటి గీతలు బయల్దేరి, పైన ఉన్న నేల వైపు లేస్తున్నాయి. వాన కిందినుంచి పైకి పడుతోంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. గుడ్డ తీసేసరికి ముఖం మీద కొట్టింది.

మన్ను వాసన లేచింది. చిన్నప్పుడెప్పుడో పీల్చిన వాసన. పేరు మరిచిపోయిన చుట్టం ఎదురొచ్చినట్టు ఉంది.

పలక దూర్చాను. మూత తీశాను. కీర్తన మొదలుపెట్టాను. గిన్నె నిండి పొర్లే చోటికి వచ్చేసరికి ఒక చినుకు సరిగ్గా నా నోట్లో పడింది. తీయగా ఉంది. గొట్టం నీళ్ళకు ఆ తీపి లేదు. అంతే, మోకాళ్ళ మీద పడ్డాను. నాలుగేళ్ళ మొర! ఎవరూ నమ్మని మొర! కృతజ్ఞతలు చెప్పాను. బండ మీద పడిన చినుకులకు చెప్పాను, వంకలో కదిలిన మొదటి పాయకు చెప్పాను, మేఘాలకు, మేఘాల వెనకున్న చేతికి, నాకు అక్షరాలు నేర్పిన దయకు, పుట్టుకనుంచి వరసగా ఒక్కొక్క మేలుకూ చెప్పుకుంటూ వచ్చాను. వంక మొరాయించి, ఉరికి, నిండి పారింది. వాన వెలిసింది. ఆమేన్ అన్నాను. లేచి మూత పెట్టాను.

ఎంతసేపు ప్రార్థించానో తెలియదు. పెట్టె దగ్గరికి గడియారం రాకూడదు కదా.

కిందికి దిగుతుంటే దీనమ్మ ఎదురొచ్చింది. తల తడిసి, చీర తడిసి, చేతిలో ఖాళీ బిందె. ఏడుస్తోంది. ఆనందమనుకుని చేతులు చాపాను.

"మూసినావా మూత?"

"మూశానమ్మా."

"సాల్లే. మా నోట్లో మన్ను కొట్టినావు, అది గూడా తడిపి కొట్టినావు."

పలక 423

ఆకాశం ఖాళీ. గాలి లేదు. బండ ఉన్నది, ఎప్పుడూ తడవనట్టు.

420వ పలక రోజున, అంటే మొన్న గురువారం, హుసేనప్ప వచ్చి పలకల పెట్టె తీసుకుపోయాడు. పెట్టె బండి ఎక్కుతుంటే ఊరు మొత్తం నిలబడి చూసింది, శవం లేస్తుంటే చూసినట్టు. అప్పటినుంచీ నాకు కొళాయి లేదు. చెంబు పట్టుకుని వెళ్తే దీనమ్మ తాళం వేసేస్తుంది.

"నీకు వాన ఉండాది కదయ్యా. వాన తాగు."

బండ గుంతల్లో మిగిలిన వాననీళ్ళు తాగుతున్నాను. రోజురోజుకూ గుంత చిన్నదవుతోంది, నీళ్ళలో పురుగు పెద్దదవుతోంది. ఊళ్ళోవాళ్ళు బిందెలు, తొట్లు, గిన్నెలు, చివరికి దీపం కుప్పెలు కూడా నింపి పెట్టుకున్నారు. జక్కరయ్య రెండు మూటలు కట్టి గడప దగ్గర పెట్టాడు. చీనీ చెట్లను వేళ్ళతో పెకిలించి తీసుకుపోతే బతుకుతాయా అని దీనమ్మ అందరినీ అడుగుతోంది. నన్ను తప్ప.

ఇవాళ ఆరాధనకు మేక వచ్చింది. తలగుడ్డ తిన్నదే. సత్యం నిమిత్తం హింసపడేవారి గురించి దానికి పూర్తి ప్రసంగం చేశాను. మధ్యలో లేచిపోలేదు. సంఘంలో ఇంత ఓపిక నేను ఎప్పుడూ చూడలేదు.

పలక 427

ఆకాశం ఖాళీ. బండ ఉన్నది. నేనున్నానో లేదో తెలియడం లేదు.

హుసేనప్ప నవ్వుకుంటూ దిగాడు. బండి చుట్టూ ఊరు మూగింది. అతను సంచిలోంచి ఒక ఫొటో తీసి నా చేతికి కాదు, దీనమ్మ చేతికి ఇచ్చాడు.

"శ్రేష్ఠ ఎడారి అంట! మండలోళ్ళు గోడకు తగిలించుకున్నారు. ఈ సంవత్సరం వచ్చిన పలకల్లో ఇంత ఎండ ఎక్కడా లేదని మెచ్చుకున్నారు. గొట్టం గొట్టమే, బిరడా లేదు, ఏం లేదు!"

నేను లాక్కుని చూశాను. నా పలకే, మూలన 418 అని అంకె. నా కోనే. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా మండుతోంది. బండ నిప్పుల్లో కాల్చినట్టుంది. వంకనిండా తెల్లటి ఇసుక, చీపురుతో ఊడ్చినంత సాపుగా. ఒక్క చినుకు లేదు.

నెమ్మదిగా అర్థమైంది. మూత అంతసేపు తెరిచి ఉంటే నల్లమబ్బు కూడా తెల్లబడుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బండకు నీడ ఉండదు, మబ్బు కింద కూడా ఉండదు. గాజుకు రెండూ ఒకటే. పడే చినుకు ఎక్కడా నిలవదు కాబట్టి ఎక్కడా పడినట్టు ఉండదు. ఆ ఇసుక, పారిన నీరు. వాన ఇచ్చినందుకు నేను చెప్పిన కృతజ్ఞత వానను తుడిచేసింది.

"కావాలనే చేసినావా అయ్యా?" దీనమ్మ మెల్లగా అడిగింది.

"లేదు! దేవుడి తోడు, లేదు!"

"అయితే ఇంకా మంచిది. ఆయనే చేయించినాడు." కొంగునుంచి తాళంచెవి విప్పి నా చెంబు తానే నింపి తెచ్చింది.

నేను తాగలేదు. హుసేనప్ప చొక్కా పట్టుకున్నాను. "పోయి చెప్పు. ఆ రోజు వాన పడింది. సాక్షి చెబుతున్నాడని చెప్పు."

"మాట తీసుకోరు అయ్యగారూ. మీకు తెలుసు కదా."

"రాసిస్తాను."

"రాసింది అసలు తీసుకోరు. ఇంకోటి చెప్తా వినండి. సాక్షి తన పలకనే కాదన్యాడంటే, రెండిట్లో ఒకటి అబద్ధం. పలక అబద్ధం చెప్పదు. అంటే మీరు చెప్తాండారు. మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారు. పలక మాత్రం గోడమీదే ఉంటాది."

నా మీద అబద్ధం ఫిర్యాదు ఒక్కటీ లేకుండా ఇన్నాళ్ళు బతికాను. నిజం చెబితే అదీ వస్తుంది.

పట్టణం నాశనం కాలేదని సొరతీగ కింద కూర్చుని దేవుడి మీద అలిగిన ప్రవక్తను నేను ఎన్నో ప్రసంగాల్లో ఎగతాళి చేశాను. ఇవాళ ఆయన పక్కన చోటుందా అని అడగాలనిపించింది. ఆయన సొరతీగైనా పురుగు కొట్టి ఎండింది. ఇక్కడ కొళాయి పారుతోంది.

పలక 430

తూర్పున మళ్ళీ మబ్బులు. అరచేయి కాదు, మూట. బండ ఉన్నది.

ఇవాళ ఆరాధనకు నిలబడే చోటు లేదు. మేకను బయట కట్టేశారు. సాక్ష్యాల వేళ ఒక్కొక్కరు లేచి, ప్రభువు వానను దాచిపెట్టిన అద్భుతం గురించి కన్నీళ్ళతో చెప్పారు. నేను బల్ల గుద్ది లేచాను.

"దాచింది ప్రభువు కాదు, నా పొరపాటు! ఈసారి ఆ పొరపాటు జరగదు. కీర్తన ఒక్కసారి, మూత పెట్టిన తర్వాతే మోకాలు వంచుతాను. వాన పడితే వాన పడినట్టే పలక మీద పడుతుంది! గొట్టం పోతే పోనీ, సత్యం నిలవాలి!"

అందరూ తలలు వంచుకున్నారు. నా మాట గుండెల్లోకి దిగిందనుకున్నాను. వెళ్ళేటప్పుడు దీనమ్మ గడప దగ్గర ఆగింది.

"ఒక సందేహం అయ్యా. ఎవరు ప్రార్థన చేస్తాన్నా కదలగూడదన్నావే జక్కరయ్యకు. అది ఈ ప్రార్థన గుడిసెలోనేనా, అంతటా చెల్లుతాదా?"

వాక్యం మీద ఆమె మొదటిసారి శ్రద్ధ చూపించింది. ఉప్పొంగిపోయాను. "అంతటా చెల్లుతుందమ్మా! కొండ మీద, సముద్రంలో, సింహాల గుహలోనైనా చెల్లుతుంది!"

"మంచిదయ్యా," అని వెళ్ళిపోయింది.

పలక 434

ఆకాశం నలుపు. గాలి తూర్పు. బండ సగం ఉన్నది.

తెల్లవారకముందే పైకొండల్లో పడినట్టుంది, పొద్దున హుసేనప్ప వచ్చిన కాసేపటికే వంక పారడం మొదలైంది. బండి దాటదు. అతను గొడుగు వేసుకుని ఇక్కడే చిక్కుబడ్డాడు. పలక వేళకు వాన కోనలోకి దిగింది. ఈసారి చినుకులు కాదు, తెరలు. ఒక తెర పోతే బండ కనబడుతుంది, ఇంకో తెర వస్తే మాయమవుతుంది. తడిసిన రాయి నల్లగా, ఇప్పుడే పుట్టినట్టు మెరుస్తోంది.

నేను పెట్టె ఉండే మిట్ట ఎక్కేసరికి ఊరంతా అక్కడ ఉంది. పెట్టె వెనక అర్ధచంద్రంగా నిలబడ్డారు, తలల మీద కొంగులు, ముడిచిన చేతులు. గొడవ చేయడానికి వచ్చారేమో అనుకున్నాను. అందరూ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు. నా ప్రసంగం పనిచేసింది, సత్యం పక్కన నిలబడడానికే వచ్చారు అనుకుని కళ్ళు చెమర్చాయి. హుసేనప్ప తన గొడుగు తెచ్చి పెట్టెకు పట్టాడు.

మూత తీశాను. కీర్తన చెప్పాను, తొందర లేకుండా, తడబడకుండా. ఈసారి ఒక్క మాట ఎక్కువ కాదు, ఒక్క మాట తక్కువ కాదు. గిన్నె నిండింది. పొర్లింది. మూత పట్టుకున్న చెయ్యి ఎత్తాను.

"పరిశుద్ధుడవైన మా తండ్రీ," అంది వెనక దీనమ్మ.

నా కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి. నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది, పెట్టె కంటికి జానెడు దూరంలో.

దీనమ్మ ఎన్నడూ రెండు మాటలకు మించి ప్రార్థించిన మనిషి కాదు. ఇవాళ సముద్రం దగ్గర మొదలుపెట్టింది. సముద్రానికి స్తోత్రం, ఉప్పుకు స్తోత్రం, ఉప్పు తీసినవాళ్ళ చేతులకు స్తోత్రం, గొట్టం దాటిన ఒక్కొక్క కొండకూ స్తోత్రం, నాలుగు చీనీ చెట్లకు వేరు వేరుగా. ఆమె ముగించగానే జక్కరయ్య అందుకున్నాడు. నాలుగేళ్ళలో ఆయన గొలుసులో నోరు తెరవడం ఇదే మొదలు. మేకలన్నిటినీ గుర్తులతో సహా ప్రభువుకు అప్పజెప్పాడు: నల్లది, చెవి తెగింది, కుంటిది, తలగుడ్డ తిన్నది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు.

వాన నా చొక్కా చేతిలోంచి చంకలోకి, చంకలోంచి నడుము దాకా పారింది. సర్పసంతానమా అని లోపల్లోపల గర్జించాను. ఆ గర్జన మధ్యలోనే వినక తప్పింది కాదు. వాన ఆపమని ఒక్కరూ అడగడం లేదు. వానకు స్తోత్రం అంటున్నారు. ఎంత మంచి వాన ప్రభువా అంటున్నారు. దేవుడి ముందు ఒక్కరూ అబద్ధమాడలేదు. పడుతోంది పడినట్టే చెప్పారు. మండలికి చెప్పవద్దని మాత్రం అడిగారు.

గొలుసు చివరికి వచ్చిందనుకున్నాను. హుసేనప్ప గొంతు సవరించుకున్నాడు.

"నేను గూడా దువా చేసుకోవచ్చునా అయ్యగారూ?"

ఎవరు ప్రార్థిస్తున్నా అని ఉరిమింది నేనే. అతను గొడుగు కింద పెట్టి రెండు చేతులూ చాపాడేమో, పెట్టె మీద చినుకులు టపటపా మోగాయి. అతనికి తెలిసిన మాటల్లో, తొందరేమీ లేకుండా, ఎండువంక ఇళ్ళన్నిటి క్షేమం అడిగాడు. రోడ్డు వెంట ఎదురొచ్చిన గుడిసెలమిట్టవాళ్ళను కూడా తలుచుకున్నాడు. వాళ్ళకు ఎక్కడైనా ఒక ఎడారి దొరకాలని.

తర్వాత వాన ఒక్కటే. గొలుసు నా దగ్గరికి వచ్చింది.

చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చేతిలో మూత ఉంది. ఒక్క ఆమేన్ అని మూసేస్తే గాజు మీద ఇంకా కాస్త తడి మిగిలేదేమో, ఒక నల్లటి అంచో, ఒక పాయ మెరుపో. మిగలకపోయేదేమో. అది పెట్టెకే తెలియాలి. నా వెనక అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. చూడకపోయినా తెలుసు. నేర్పింది నేనే.

నోరు తెరిచాను. ఎంతసేపు ప్రార్థించానో ఇక్కడ రాయను. ఎలాగూ ఇది సాక్ష్యం కాదు.

మేము కిందికి దిగేసరికి సంగటి రాయైపోయింది. దీనమ్మ దాన్ని కత్తితో కోసి, తలా ఒక ముక్క పెట్టింది.